పల్లీల పొట్లంలో నా బిడ్డ ముఖం

వికారాబాద్‌లో ఒక పోలీస్ స్టేషన్ బెంచీ మీద నన్ను కూర్చోబెట్టిన రోజున నా చంకలో పది నెలల కూతురు ఉంది, సంచిలో ఇరవై ఏడు మంది ఆడవాళ్ల ఆధార్ జిరాక్సులు ఉన్నాయి, నోట్‌బుక్కులో ఐదు ప్రశ్నలు ఉన్నాయి. వీటిలో కూతురు మాత్రమే నిజంగా నాదని అక్కడున్నవాళ్లు నమ్మారు. అదీ దాని ముక్కు నా ముక్కులాగే చప్పిడిగా ఉంది కాబట్టి. మిగిలినవాటికి సంజాయిషీ చెప్పబోయి ఎలా మునిగానో ఇప్పుడు చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం బెయిల్ గురించే ఆలోచించాను.

గ్రేసీ పుట్టినప్పుడు ఆసుపత్రి వాళ్లు ఒక్క బిడ్డనే చేతికిచ్చారు గానీ, నాతో పాటు ఇంటికి ఇద్దరు వచ్చారు. రెండోది భయం. గ్రేసీ అయినా అప్పుడప్పుడు నిద్రపోయేది. ఆ రెండోది పోయేది కాదు. పాలిస్తూ ఫోన్ చూస్తానా, ఫోన్ నిండా మోసాలే. ఎవరి ఆధార్ కాపీతోనో ఇంకెవరో సిమ్ తీసుకున్నారట, ఆ సిమ్‌తో ఊళ్లన్నీ ముంచారట, చివరికి పోలీసులు వచ్చి ఏమీ తెలియని అసలు మనిషి తలుపు కొట్టారట. ఆ తలుపు నాకు మా తలుపులాగే కనిపించేది. వచ్చి నన్ను పట్టుకుపోతే గ్రేసీకి పాలెవరిస్తారు? ఇక్కడికి రాగానే లేచి వెళ్లి తలుపు గొళ్లెం మళ్లీ చూసేదాన్ని.

మా ఆయన ప్రవీణ్ తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్. రోజంతా రాళ్ల మధ్య ఉండి ఉండి ఆయనకు భయం అంటదు.

"నీ పేరు దొంగతనం చేసి ఎవడేం చేస్కుంటడే? నీ పేరు మీద ఉన్నది నేనొక్కన్నే" అన్నాడు.

"నిన్ను గూడ ఎత్తుకపోతరేమో!"

"ఎత్తుకపోనియ్. జర రెస్ట్ దొరుకుతది."

ఇలాంటి మనిషికి ఏం చెబుతాం? ఇక మా అత్తమ్మ ఎస్తేరమ్మ. నేను కోడలిగా రాకముందే వాళ్లు యాలాల్ దగ్గరి ఊరు వదిలి తాండూరులో కిరాయి ఇంటికి వచ్చారు, నేను ఆ ఊరి ముఖమే చూడలేదు. అయినా అత్తమ్మ ఆ ఊరి మహిళా సంఘం పెద్దరికం మాత్రం వదల్లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆటో ఎక్కి వెళ్లి సంఘం పనులు చూసుకుని వస్తుంది. సంఘం కాగితాలు ఆమెకు బైబిల్ తర్వాత అంతటివి. వాటిని ఎక్కడ దాస్తుందో నాకు చెప్పదు, నేనూ అడగను.

గ్రేసీకి చిన్నపిల్లల నీలం ఆధార్ వచ్చింది. అంగన్‌వాడీలో దాని కాపీ అడిగారు. కాపీ మీద అది దేనికోసమో రాసి, తేదీ వేసి, అడ్డంగా సంతకం చేసి ఇవ్వాలని చదివాను. మొదటి కాపీ మీద అక్షరాలు వంకర పోయాయి. రెండోదాని మీద నా సంతకం నా సంతకంలా లేదు. మూడోదాని మీద గ్రేసీ తనే సంతకం చేసింది, నోటితో. ఏడో కాపీకి గానీ కుదరలేదు. పాడైన ఆరింటినీ ముక్కలు ముక్కలుగా చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను. అంతలో లోపల గ్రేసీ ఏడ్చింది. చేతిలో ఉన్నవి ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. తల్లులు దీన్ని అర్థం చేసుకుంటారు. తక్కినవాళ్లు నమ్మండి.

ఆ వారమే ఇల్లంతా దులిపి, గ్రేసీకి నీళ్లు పోయడానికి నీలం ప్లాస్టిక్ టబ్బు ఒకటి సంపాదించాను. టబ్బు సంగతి ఎందుకంటారా? ఆ నెలలో నేను చేసిన పనుల్లో నాకు గర్వంగా అనిపించింది అదొక్కటే.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం తాండూరు బస్టాండు దగ్గర బండి మీద వేయించిన పల్లీలు కొన్నాను. నడుస్తూ తింటున్నాను. పొట్లం అడుగుకు వచ్చాను. ఆఖరి పల్లీ తీశాను. దాని కింద నుంచి నా బిడ్డ నన్ను చూసింది.

అదే బోడి గుండు, అదే చప్పిడి ముక్కు. పక్కన వంకరగా "అంగన్‌వాడీ కోసం మా" అని నా రాత. "త్రమే" ఉండాల్సిన చోట నూనె మరక. నోట్లో పల్లీ నోట్లోనే ఉండిపోయింది. పళ్లు కూడా రాని నా కూతురి పేరు మీద ఈపాటికి ఎన్ని సిమ్ములు మోగుతున్నాయో! వెనక్కి పరుగెత్తాను.

"అన్నా! గీ కాగితాలు నీకెక్కడియి?"

"గవా? పాత పేపర్లమ్మేటోడు ఇస్తడక్కా."

"ఇంకెన్ని ఉన్నయ్? అన్ని ఇయ్యి."

"ఒట్టి కాగితాలు ఎట్లిస్త? పల్లీలు దేంట్ల కట్టాలె?"

"పల్లీలు గూడ ఇయ్యి!"

ఆ అన్న నన్ను ఎగాదిగా చూసి, కట్టి పెట్టినవన్నీ ఇచ్చి, కింద ఉన్న కాగితాల కట్ట కూడా ఇచ్చాడు. "ఇంట్ల పెండ్లి ఉన్నదా అక్కా?" అని మర్యాదగా అడిగాడు. ఇంటికి వచ్చి తలుపు గొళ్లెం పెట్టి పొట్లాలన్నీ విప్పాను. గ్రేసీవి ఆరు. అవి కాక ఎవరివో ఇరవై ఏడు, అన్నీ ఆడవాళ్లవే, సగానికి చించినవి. పై సగంలో ముఖాలూ పేర్లూ ఉన్నాయి, ఊరు ఉండే కింది సగం లేదు. ఆధార్ ఫోటోలో ఎవరి ముఖమైనా పోలీసులు వెతుకుతున్న మనిషిలాగే ఉంటుంది కదా, వాళ్లలో ఒక్కరినీ పోల్చలేకపోయాను. కానీ ఒకటి అర్థమైపోయింది. ఇది పెద్ద ముఠా. ఊళ్లో ఆడవాళ్ల ఆధార్లన్నీ పోగుచేస్తున్నారు. అందులోకి నా బిడ్డను కూడా లాగారు.

ఆ రోజుల్లోనే అత్తమ్మ కూడా మంచం కింద, బియ్యం డబ్బా వెనక, అలమర మీద ఏదో వెతుకుతూ తిరిగేది.

"ఏం దేవులాడుతున్నవ్ అత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డా. నీకెందుకట్ల చెమటలు పట్టినయ్?"

"ఏం లేదత్తమ్మా."

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ ఏం లేదు. ఆ రోజు ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పినా ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నేను స్టేషన్ బెంచీ చూసేదాన్ని కాదు.

వికారాబాద్ కోర్టులో ఉచితంగా న్యాయ సలహా ఇస్తారని విన్నాను. తాండూరులో అడిగితే సాయంత్రానికల్లా అత్తమ్మ చెవిలో పడుతుంది, అందుకని వికారాబాద్ పోదామనుకున్నాను. లాయరు ముందు నోరు పెగలదేమోనని అడగాల్సినవి నోట్‌బుక్కులో రాసుకున్నాను. అందులోనూ నా తెలివి చూడండి. బుక్కు ఎవరి చేతిలోనైనా పడితే? అందుకే ఎక్కడా "నా" అని గానీ "నాకు" అని గానీ రాయలేదు. సాక్ష్యంగా ఆ కాగితాలన్నీ సంచిలో పెట్టుకున్నాను. నా అసలు ఆధార్ కార్డును గ్రేసీ పాలపొడి డబ్బాలో, పొడి కింద దాచాను. దొంగ ఎవడైనా పాలపొడిలో చెయ్యి పెడతాడా?

స్నేహితురాలిని చూసి వస్తానని అత్తమ్మకు చెప్పి, మర్నాడు పొద్దున బస్సెక్కాను. పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంది. గ్రేసీ బుగ్గ గిల్లి మాట కలిపింది.

"బంగారు తల్లి! ఏ ఊరు బిడ్డా మీది?"

కొత్తవాళ్లకు వివరాలు చెప్పరాదు. "బషీరాబాద్" అన్నాను.

"పేరేంది?"

"సరిత."

"పాప పేరు?"

"ప్రియ." ఆ మాటకు గ్రేసీ తల తిప్పి నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"బషీరాబాద్‌ల ఎవరింటి కోడలివి?"

మా వైపు ఆడవాళ్ల పేరు అడిగేది మర్యాదకు. అసలు ప్రశ్న ఇది. దీనికి జవాబు దొరికేదాకా వదలరు. "కిరాయి ఇల్లు పెద్దమ్మా మాది" అన్నాను.

"కిరాయి ఇల్లయితే కోడలివి గాకుంట పోతవా? మా చిన్న బిడ్డను గాడనే ఇచ్చిన. ఆడ కన్నడం మాట్లాడుతరు గద, నీకొస్తదా?"

"వస్తది."

"ఏదీ, ఒక ముక్క మాట్లాడు."

నాకు వచ్చిన కన్నడ ముక్క ఒకటే. "బన్నీ" అన్నాను. రమ్మని అర్థం.

"యాడికి?" అని పెద్దమ్మ జరిగి కూర్చుంది.

అప్పుడే కండక్టర్ వచ్చింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు.

"ఆధార్ చూపియ్యమ్మా."

నంబరు మీద కాగితం ముక్క అంటించి, ముఖం మీద అడ్డంగా గీతలు గీసి, భద్రంగా తయారుచేసుకున్న నా కాపీ చూపించాను.

"గిదేంది? మనిషి కన్పిస్తలేదు, నంబరు కన్పిస్తలేదు. ఒరిజినల్ తియ్యి."

"అక్కా, నేను టికెట్ కొనుక్కుంట."

బస్సు అంతా నా వైపు తిరిగింది. ఉచితంగా వచ్చే టికెట్టు వద్దన్న ఆడమనిషి ఆ రూట్లో అంతకుముందు కనబడినట్టు లేదు.

"ఎందుకు కొంటవమ్మా? ఆధార్ లేదా?" కండక్టర్ కళ్లు చిన్నవి చేసింది.

"ఉన్నది. పాలపొడిల ఉన్నది."

ఇది విన్నాక ఆమె పక్క సీటుకు పోతుందా? నేను సంచిలోంచి డబ్బా తీసి, మూత ఊడదీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి గాలిస్తున్నాను. సరిగ్గా ఆ క్షణాన రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. పాలపొడి పెద్దమ్మ తల మీద పడింది. సంచి బోర్లా పడింది. ఇరవై ఏడు మంది ఆడవాళ్లు బస్సు పొడుగునా పరుచుకున్నారు.

పిండిలో పొర్లించిన అరిసెలా ఉన్న పెద్దమ్మ వంగి ఒక కాగితం తీసింది. తెల్లటి కనుబొమ్మలు పైకి లేచాయి.

"గిది మా చెల్లె పెంటమ్మ గద!" ఇంకొకటి తీసింది. "గిది మా వదినె! గిది మా ఇంటెనక సువార్తమ్మ!" నాలుగోది చూసి ఆమె గొంతు మారిపోయింది. "ఓ కండక్టరమ్మా... గిది నేనే!"

అంతలో నా చేతికి అసలు కార్డు దొరికింది. కండక్టర్ దాన్ని లాక్కుని పొడి దులిపి చదివింది.

"కరుణ. తాండూరు."

"సరిత అన్నవ్ గద! బషీరాబాద్ అన్నవ్ గద!" అని పెద్దమ్మ లేచి నిలబడింది. "పిల్ల గూడ నీదేనా, ఎవలదన్న ఎత్తుకొచ్చినవా?"

ఆ మాటకు గ్రేసీని గుండెకు ఎంత గట్టిగా హత్తుకున్నానంటే, అది కెవ్వుమంది. వెనక సీట్లలోంచి "ఫోన్ల జూసిన, గిట్లనే ఆడోళ్లు తిరుగుతున్నరంట" అని ఒకరు, "మొఖం జూస్తే అమాయకంగుంటరు" అని ఇంకొకరు. నేను చూసిన వీడియోలే వాళ్లూ చూశారు. నా భయం నా మీదికే తిరిగి వచ్చింది, అదీ బస్సు నిండా.

"డ్రైవరన్నా, స్టేషన్ కాడ ఆపు" అంది కండక్టర్.

అలా వచ్చాను ఆ బెంచీ మీదికి. ఎదురుగా కుర్చీలో ఎస్సై మేడం. నా వయసే ఉంటుంది. పెద్దమ్మ ఇంకా పాలపొడి దులుపుకుంటూ నా పక్కనే కాపలా. మేడం కాగితాలన్నీ చూసి, నోట్‌బుక్కు తెరిచింది. పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఒకటి. ఒకరి ఆధార్ కాపీతో ఇంకొకరు సిమ్ తీసుకుంటే ఎన్నేళ్లు జైలు?"

పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"రెండు. ఒకరి పేరు మీద ఇంకొకరు లోన్ తీసుకుంటే పోలీసులు ఎవరిని పట్టుకుంటారు? మూడు. చిన్నపిల్లల పేరు మీద కూడా ఇలా చేయొచ్చా? నాలుగు. మోసం జరిగిందని బయటపడడానికి ఎన్ని రోజులు పడుతుంది?" ఇక్కడ ఆగి నా వైపు చూసింది. "ఐదు. పాలు తాగే బిడ్డ ఉంటే బెయిల్ త్వరగా వస్తుందా?"

బుక్కు మూసింది. "బాగా తయారైనవ్ అమ్మా. ఇంత పద్ధతిగా రాసుకున్నోళ్లను ఇప్పటిదాంక చూడలే."

నేను నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. నన్ను చూసి గ్రేసీ ఏడ్చింది. "మేడం, గవి లాయరును అడగనీకి రాసుకున్న, చెయ్యనీకి గాదు! పల్లీలల్ల దొరికినయ్! నా బిడ్డ పల్లీల కింద ఉన్నది!" ఏడుస్తూ చెబితే నిజం ఎంత పిచ్చిగా వినిపిస్తుందో ఆ రోజే తెలిసింది.

"ఇంట్ల పెద్దోళ్ల నంబరు చెప్పు" అంది మేడం.

అత్తమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. విషయం చెప్పింది.

"ప్రభువా!" అని స్టేషన్ గోడలు అదిరాయి. "నా కోడలా? దొంగతనమా? బొద్దింకను జూస్తే మంచమెక్కుతది మేడం అది!"

పెద్దమ్మ ఉలిక్కిపడింది. "ఆ గొంతు... ఎస్తేరక్కనా? అక్కా! నేను అనంతమ్మను!"

"అనంతమ్మా? నువ్వు స్టేషన్ల ఏం జేస్తున్నవే?"

"నీ కోడలు సంచిల నా ఆధార్ దొరికింది! పెంటమ్మది, సువార్తమ్మది, మన సంఘమోళ్లందరియి!"

ఫోన్‌లో అత్తమ్మ మంచం మీద కూలబడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత అత్తమ్మ గొంతు సన్నగా వచ్చింది. "దొరికినయా? రెండు వారాల సంది దేవులాడుతున్న. ఎవలకన్న తెలిస్తే నన్ను సంఘంల ఉండనిస్తరా అని ఇంట్ల గూడ చెప్పలే."

"కాగితాలు ఎక్కడ పెట్టిన్రమ్మా?" అని అడిగింది మేడం.

"మంచం కింద. పాత పేపర్ల కట్టల, నడుమ. గాడ ఎవలు చెయ్యి పెట్టరని."

మేడం మెల్లగా నా వైపు తిరిగింది. పెద్దమ్మ తిరిగింది. చివరికి గ్రేసీ కూడా తిరిగినట్టే అనిపించింది.

"ఆ పాత పేపర్లు ఏమైనయ్ కరుణా?"

నా కళ్ల ముందు ఇల్లు దులిపిన రోజు కదిలింది. బండి మీద ప్లాస్టిక్ సామాన్లు పెట్టుకుని "పాత పేపర్లకు టబ్బులు" అని అరుస్తూ వచ్చిన మనిషి, మంచం కింద నుంచి నేను రెండు చేతులా ఎత్తి తెచ్చిన కట్ట, గ్రేసీ ఏడ్చినప్పుడు నేను మంచం కిందికి విసిరేస్తే ఆ కట్ట మీద పడ్డ ఆరు కాగితాలు. నేను ఆయనతో బేరమాడిన తీరు కూడా గుర్తొచ్చింది. "ఇంత పెద్ద కట్టకు చిన్న టబ్బా? పెద్దది ఇయ్యి!" అన్నాను.

"టబ్బు" అన్నాను.

"ఏంది?"

"టబ్బు తీసుకున్న మేడం. నీలం టబ్బు."

స్టేషన్‌లో మొదట నవ్వింది అనంతమ్మ పెద్దమ్మ. నవ్వుతుంటే కనుబొమ్మల నుంచి పాలపొడి రాలింది. తర్వాత మేడం. నవ్వు ఆపుకుని మళ్లీ నోట్‌బుక్కు తెరిచింది.

"లాయరు కాడికి పోతున్నవ్ గద, నేనే చెప్త విను. ఒకరి గుర్తింపు ఇంకొకరు మోసానికి వాడితే మూడేళ్ల దాంక జైలు, జరిమానా. అట్ల జరిగితే పేరున్నోళ్లు వెంటనే ఫిర్యాదు ఇయ్యాలె, ఏ స్టేషన్ల ఇచ్చినా తీసుకుంటరు. ఇచ్చిన రసీదు దాచిపెట్టుకోవాలె. నువ్వు చెయ్యని తప్పుకు నిన్ను జైల్ల పెట్టరు, ఫికర్ చెయ్యకు. పసిపిల్ల పేరు మీద లోన్ చెల్లదు. దానికింక వేలిముద్రలు గూడ తీసుకోలే. ఈ ఆడోళ్లందరికి ఉన్నది ఉన్నట్టు చెప్పుర్రి. వాళ్ల పేర్ల మీద ఎన్ని సిమ్ములున్నయో చూసుకొమ్మను, వేలిముద్రలు లాక్ చేసుకొమ్మను. ఐదో ప్రశ్నకు జవాబు నీకు అక్కర లేదు."

"నేను ఫిర్యాదు ఇయ్యాల్నా మేడం?" అని అడిగాను.

"ఇస్తనంటే రాసుకుంట. బాధితురాలు నీ బిడ్డ. నిందితురాలి పేరు కాడ నీ పేరే రాయాలె. సాక్ష్యం కింద టబ్బు తెచ్చి ఈడ జమ చెయ్యాలె. మరి పిల్లకు నీళ్లు దేంట్ల పోస్తవ్?"

బయటికి వచ్చాక అనంతమ్మ పెద్దమ్మ గ్రేసీని ఎత్తుకుంది. "ఎవరింటి కోడలివని అడిగినప్పుడే ఎస్తేరమ్మ కోడల్నని అంటే అయిపోవు గద పిచ్చిదానా! బన్నీ అంటవా?" అని నా నెత్తి మీద మెత్తగా ఒకటి వేసింది. నిజమే. పేరు దాచుకుంటే క్షేమం అనుకున్నాను. ఆ రోజు నన్ను కాపాడగలిగింది ఆ పేరొక్కటే.

ఆదివారం నేనూ అత్తమ్మా ఆ ఊరికి వెళ్లి ఇరవై ఏడు ఇళ్లలో తలుపు కొట్టి, తప్పు ఒప్పుకుని, మేడం చెప్పినవన్నీ చెప్పి, ఎవరి కాగితం వాళ్లకు ఇచ్చాం. మొదటి ఇంట్లో అత్తమ్మ వెనక నిలబడి చెప్పాను, పదో ఇంటికి ఆమె ముందుకు వచ్చాను. ఇద్దరు నిజంగానే కోప్పడ్డారు, వాళ్ల కోపం న్యాయమే. పెంటమ్మ మాత్రం తన ఫోటో చూసుకుని "గీ మొఖానికి పల్లీలు కట్టుడే న్యాయం" అంది. ఎవరి పేరు మీదా ఏ మోసమూ జరగలేదు. అయినా వారానికోసారి ఫోన్ చేసి అందరినీ అడుగుతున్నాను. భయం ఇంకా ఇంట్లోనే ఉంది కదా. కానీ ఇప్పుడు దానికి ఒక పని దొరికింది. సంఘం కాగితాలు భద్రం చేసే పని సంఘంవాళ్లు నాకే అప్పగించారు. "ఇంత భయపడేదాని కాడనే గవి పదిలం" అన్నది అనంతమ్మ పెద్దమ్మ.

టబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. దానికి చిల్లు పడింది.

కాబట్టి ఎస్తేరమ్మ కోడలు, గ్రేసీ తల్లి అయిన కరుణ అనే నేను, నా మనస్ఫూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా ఇంటి నుంచి ముఖం ఉన్న కాగితం ఏదీ ముక్కలు కాకుండా గడప దాటదు. పాత పేపర్ల కట్టలో మూరెడు లోతు చెయ్యి పెట్టి చూడకుండా ఏ బండివాడికీ ఇవ్వను, ఎంత పెద్ద టబ్బు చూపించినా సరే. బస్సులో ఎవరింటి కోడలివని అడిగితే వెంటనే చెబుతాను. పాలపొడి డబ్బాలో పాలపొడే ఉంచుతాను. దీని కింద అడ్డంగా సంతకం చేసి, తేదీ వేసి, ఇలా రాశాను: ఈ ప్రమాణం నా కోసం మాత్రమే, పల్లీలు కట్టడానికి చెల్లదు.